పున్నమి మర్నాటి అక్షరాలు

ఆ వేసవిలో మా అత్తగారికీ నాకూ మధ్య ఒక ఒప్పందం జరిగింది. చెరువుకి నేను పెట్టిన పెట్టె అమావాస్య నుంచి అమావాస్య దాకా ఒక్కసారి కూడా తప్పు చదవకుండా ఉండాలి. అలా ఉంటే ఆవిడ గట్టు మీది షెడ్డులో పడుకోవడం మానేసి, తన మడతమంచం ఇంటికి తెచ్చేసుకుంటుంది. మధ్యలో ఒక్కసారి తప్పిందా, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

"ఒక్కసారే కదా అత్తయ్యా అని బతిమాలకూడదు," అంది.

"బతిమాలను."

"చేపలు బతిమాలితే వింటాయా మరి?"

మా ఆయన జెన్-హోంగ్ మా ఇద్దరి మధ్యా కూర్చుని చేప గంజి తాగుతున్నాడు. మధ్యవర్తి అతనే. గిన్నెలోంచి తల ఎత్తకుండా "సరే, ఇద్దరూ ఒప్పుకున్నారు" అన్నాడు. అతను ఏ విషయంలోనైనా అంతకంటే ఎక్కువ మాట్లాడడు. ఆ గుణం తండ్రి నుంచి వచ్చిందని ఊరంతా అంటారు.

అత్తయ్యకు అప్పటికి అరవయ్యెనిమిది. అంతకు ముందు చలికాలం షెడ్డులో ఉప్పుగాలికి పడుకుని పడుకుని ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంకోసారి ఇలా వస్తే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. ఇంటికొచ్చిన మూడో రోజునే ఆవిడ మంచం దులుపుకుని మళ్ళీ గట్టు మీదికి వెళ్ళింది. కొడుకు తను పడుకుంటానంటే, "నువ్వా? పిడుగు పడ్డా లేవవు. చేపలన్నీ తేలాక మిమ్మల్ని లేపాలా అయ్యగారూ అని అడుగుతాయా?" అంది. అది నిజమే. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

బుదాయి తీరంలో మాకు మూడు చెరువులున్నాయి. మూడింట్లోనూ పాలబొంత చేపలే. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే గంటలో పంటంతా పోతుంది. అందుకే తెల్లవారుజామున ఎవరో ఒకరు లేచి నీళ్ళు చూడాలి, చేపలు తలలు పైకెత్తి గాలి మింగుతుంటే నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిప్పాలి. నలభై ఏళ్ళు ఆ పని మా మామగారు చేశారు. నాలుగేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున స్విచ్‌బోర్డు దాకా పరుగెత్తి, మీట మీద చెయ్యి వెయ్యబోతూ షెడ్డు గోడ పక్కనే కూలిపోయారు. గుండె. అప్పట్నుంచీ ఆ మంచం మీద అత్తయ్య పడుకుంటోంది.

పెళ్ళికి ముందు నేను తైనాన్‌లో ఒక ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్ళు సర్క్యూట్ బోర్డులు పరీక్షించాను. ఇప్పుడు బజార్లో ఏసీ బోర్డులూ వాషింగ్ మిషన్ బోర్డులూ బాగుచేసే దుకాణంలో పని. చెరువు నీళ్ళు చూసే పెట్టె ఒకటి చెయ్యడం నాకు పెద్ద విద్య కాదని విర్రవీగాను. నీళ్ళలో ఒక గొట్టం ఉంటుంది, అది ఆక్సిజన్ ఎంతుందో కొలిచి చెబుతుంది. షెడ్డు గోడ మీద, స్విచ్‌బోర్డు పక్కన పెట్టె ఉంటుంది, అది విని ఏరేటర్లు తిప్పుతుంది. పెట్టె ముఖాన చిన్న తెర ఒకటి. దాని మీద 7.8 అనో 6.1 అనో అంకె కనిపిస్తుంది. పెట్టెకు ఏదైనా అర్థం కాకపోతే ఏరేటర్లన్నీ తిప్పేసి నా ఫోనుకి గంట కొట్టాలని రాశాను. కాబట్టి చేపలకు వచ్చిన భయం లేదు. భయమంతా ఒప్పందానికే.

మొదటి గంట చాంద్రమానం అయిదో నెలలో మోగింది. సాయంత్రం నాలుగింటికి ఫోను మోగితే, అయిదింటికి యజమాని వదిలాక దుకాణంలోంచి స్కూటరు మీద పడుతూ లేస్తూ వచ్చాను. వచ్చేసరికి ఆరయింది. తెర మీద చక్కగా 7.2 ఉంది. పెట్టె ఏమీ ఎరగనట్టు మొహం పెట్టింది. డాక్టరు గడపలోకి రాగానే నొప్పి తగ్గిపోయే రోగి ఒకడుంటాడు, అలాగన్నమాట.

"ఏం కనిపించింది అత్తయ్యా, తెర మీద?"

"ఏవో పిచ్చిగీతలు."

"ఎలాంటివి?"

"నాకు చదువొచ్చా అమ్మాయ్? గీతలంతే." ఆవిడ మేత బస్తా మూతి కట్టుకుంటూ అటు తిరిగింది.

నేనూ మళ్ళీ అడగలేదు. ఆ చవక తెరల్లో జపాను అక్షరాలు పుట్టుకతోనే ఉంటాయి. ఏ చెత్త వచ్చినా వాటితోనే చూపిస్తాయి. చెత్తలో వెతకడానికేముంటుందిలే అనుకున్నాను. నా పెట్టె దాచుకునే చిట్టాలో కూడా 'చదవలేదు' అన్న ఒక్క మాట తప్ప ఏం వచ్చిందో రాయించలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. పద్నాలుగు రోజులకు ఇంకోసారి, ఆ మీదట పదిహేను రోజులకు ఇంకోసారి. పక్క చెరువు కున్ బాబాయి రోజూ గట్టు మీంచి వెళుతూ ఒక రాయి వేసేవాడు.

"ఏం వదినా, కోడలి పెట్టె ఇవాళేం పాట పాడింది?"

"నువ్వు పాడేదానికంటే నయమేలే," అనేది అత్తయ్య. నన్ను తను ఏమైనా అంటుంది గాని, ఇంకొకరిని అననివ్వదు.

"దాని నెత్తిన పచ్చ ప్యాకెట్టు పెట్టలేదా? అందుకే ఆగం చేస్తోంది."

మా దగ్గర ఏ మిషన్ అయినా బుద్ధిగా ఉండాలంటే దాని మీద కొబ్బరి రుచి చిరుతిండి పచ్చ ప్యాకెట్టు ఒకటి పెడతారు. పచ్చదే పెట్టాలి, పసుపుదీ ఎర్రదీ పెడితే మిషన్‌కి తిక్క రేగుతుంది. గడువు దాటకూడదు, ఎవరూ తినకూడదు. ఫ్యాక్టరీలో కోట్ల విలువ చేసే మిషన్ల మీద ఇంజనీర్లు పెట్టగా నేను చూశాను. నేనూ పెట్టాను, గడువు తేదీ రెండుసార్లు చూసి మరీ పెట్టాను. వారం తిరక్కుండా పెట్టె మళ్ళీ తప్పింది. జెన్-హోంగ్ ఆ ప్యాకెట్టు చించుకుని తినేశాడు.

అప్పుడు పద్ధతిగా మొదలుపెట్టాను. తప్పిన రోజులు చూస్తే ఎక్కువగా పున్నమికీ అమావాస్యకీ అటూ ఇటూ ఉన్నాయి. ఇంకేం, దొరికింది దొంగ అనుకున్నాను. ఆ రోజుల్లో సముద్రం పెద్దపోటు మీద ఉంటుంది, చెరువులోకి కొత్త నీళ్ళు తోడడానికి పెద్ద మోటారు నడుస్తుంది. ఆ మోటారు రొద తీగలో పడుతోందని తేల్చి, కొత్త తీగ తెచ్చి, మోటారుకి దూరంగా గట్టు చుట్టూ తిప్పి రెండు ఆదివారాలు తవ్వి పూడ్చాను. నా చేతులు బొబ్బలెక్కాయి. మోటారు ఆపి ఉంచిన రోజున పెట్టె తప్పింది.

తప్పేది ఎప్పుడూ సాయంత్రంపూటే కాబట్టి ఎండ అనుకున్నాను. షెడ్డు పడమటి గోడ ఆ వేళకు పెనంలా కాలుతుంది. పెట్టె మీద రేకు నీడ కట్టాను. ఆ వేసవికల్లా ఎక్కువ ఎండ కాసిన రోజున పెట్టె ముత్యాల్లాంటి అంకెలు చూపించింది. మబ్బు పట్టి చల్లగా ఉన్న రోజున తప్పింది. దాంతో నా జాబితాలో 'వేడి' అన్న మాట కొట్టేశాను. ఎర్ర పెన్నుతో, రెండు గీతలు గీసి.

ఇంకో చిన్న విడ్డూరం ఉండేది. షెడ్డులో గోడకు రోజుకో కాగితం చింపే క్యాలెండరుంది. ఒక్కో సాయంత్రం నేను వెళ్ళేసరికి అది రేపటి తేదీ చూపిస్తూ ఉండేది. ఒకసారి దాన్ని చూసి చిట్టాలో తేదీ తప్పు రాసుకున్నాను కూడా. "మీ క్యాలెండరుకి తొందరెక్కువ అత్తయ్యా" అంటే, "వయసైంది కదా, ముందు చూపు" అంది.

ఆరో నెల పోయింది. ఏడో నెల వచ్చింది. మా వైపు ఏడో నెలలో చచ్చిపోయినవాళ్ళు తిరుగుతారంటారు. పిల్లల్ని నీళ్ళ దగ్గరికి పోనివ్వరు, కొత్త పని మొదలుపెట్టరు. ఆ నెల పెట్టె విడతలు విడతలుగా తప్పింది. వారానికోసారి, ఒకసారైతే వరసగా రెండు రోజులు. అత్తయ్యకు దగ్గు మళ్ళీ పట్టుకుంది. పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తే ఆ దగ్గే ముందు వినిపించేది. నాకు పెట్టెను ఎత్తి చెరువులో గిరాటెయ్యాలనిపించింది.

ఏడో నెల పున్నమి మర్నాడు దుకాణంలో కరెంటు పోయింది. మా యజమాని మూడింటికే షట్టరు దించేశాడు. నేను ఇంటికి పోకుండా నేరుగా చెరువుకి వెళ్ళాను. గట్టు మలుపు తిరుగుతుంటే షెడ్డు వెనక పొగ కనిపించింది. అదే సమయానికి సంచీలో నా ఫోను మోగింది.

అత్తయ్య పడమటి గోడ దగ్గర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునుంది. పక్కన ఇనప పీపాలో, పైలోకంలో మామగారికి డబ్బుగా చేరతాయని వేసే వెండి కాగితాలు కాలుతున్నాయి. వ్యాపారం, చెరువులు ఉన్నవాళ్ళు అమావాస్యతో మొదలయ్యే నెలలో రెండో రోజునా, పున్నమి మర్నాడూ నైవేద్యం పెట్టి కాగితాలు కాల్చడం మాకు మామూలే. నేను పనిలో ఉండగానే ఆ తంతు అయిపోయేది. వచ్చేసరికి పీపా చల్లారిపోయి ఉండేది, రోజూ చూసే పీపాయే కాబట్టి నా కంటికి ఆనేది కాదు. అది పెట్టెకి సరిగ్గా కింద, మూరెడు దూరంలో ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది.

కానీ నన్ను ఆపేసింది పీపా కాదు. అత్తయ్య కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, ఒళ్ళో క్యాలెండరు కాగితం పెట్టుకుని, తెర వైపు చూస్తూ పెన్సిలుతో ఒక్కో గీతా దించుకుంటోంది. నన్ను చూడగానే కాగితం తొడ కింద దోపేసింది.

"ఏం రాస్తున్నారు?"

"మేత లెక్క."

"మేత లెక్క తెర మీద చూసి రాస్తారా?"

ఆవిడ కాసేపు మంటలో కాగితాలు కదిపింది. తర్వాత అంది: "నవ్వనని చెప్పు."

"నవ్వను."

"వాడికి చెప్పనని కూడా చెప్పు."

"చెప్పలేను. మొగుడు కదా."

"సరేలే, వాడికి చెప్పినా గోడకి చెప్పినా ఒకటే."

మంచం కింది నుంచి బిస్కెట్ల డబ్బా తీసింది. అందులో క్యాలెండరు కాగితాలు పది ఉన్నాయి. తొడ కింద ఉన్నదానితో పదకొండు. ప్రతి కాగితం వెనకా పెద్ద పెద్ద గీతలతో మూడేసి అక్షరాలు, ముగ్గు దించుకున్నంత జాగ్రత్తగా దించినవి.

"మీ మామయ్యకు ఈ అక్షరాలొచ్చు," అంది. "ఆయన నాన్న జపాను వాళ్ళు ఇక్కడ ఏలినప్పుడు వాళ్ళ బళ్ళో చదివాడు కదా, ఆయన నేర్పాడు. మేత పాళ్ళన్నీ వీటితోనే రాసుకునేవాడు, కున్ చూసినా అర్థం కాకుండా. మొదటిసారి తెర మీద చూడగానే పెన్సిలు వెతుక్కున్నాను, యూన్ అమ్మాయ్. నేను కాగితాలు కాలిస్తేనే వస్తాయి. మామూలు రోజుల్లో రావు. చల్లారిపోతే పోతాయి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే బాగు చేసేస్తావు కదా."

పీపాలో కాగితం ఒకటి ఎగిరి పెట్టె అడుగును తాకి నల్లబడి రాలింది.

"ఆ రోజు నేనూ ఆయన వెనకే పరిగెత్తుకొచ్చాను," అంది. "ఆయన ఇక్కడ పడున్నాడు. చేపలు తలలెత్తేశాయి. నేను ముందు మీట నొక్కాను. ముందు మీట నొక్కి, అప్పుడు ఆయన వైపు తిరిగాను. పెదాలు కదులుతున్నాయి. ఏదో అన్నాడు. ఏరేటర్ల రొదలో వినపడలేదు. నాలుగేళ్ళుగా అదేమిటో తెలియదు నాకు." కాగితం మీద నడిమి అక్షరాన్ని గోటితో చూపించింది. "ఇది చూడు. ప్రతిసారీ మధ్యలో ఇదే వస్తుంది. నన్ను పిలుస్తున్నాడేమో అనుకుంటున్నాను."

నేను కాగితాలు అడిగి తీసుకున్నాను. రేపు ఇచ్చేస్తానని ఒట్టు పెట్టించుకుంది. తిరగేసి చూస్తే, పెద్ద అంకెల కింద చిన్న అక్షరాల్లో చాంద్రమాన తేదీలు. రెండు, పదహారు, రెండు, ఊరి దేవత పుట్టినరోజు, పదహారు, మామగారి తద్దినం, ఒకటి, రెండు, ఏడు, పదిహేను, పదహారు. మూడు నెలలుగా నేను కంప్యూటరులో వెతుకుతున్న జాబితా మంచం కింద బిస్కెట్ల డబ్బాలో ఉంది.

మర్నాడు సెలవు పెట్టి వంటింటి బల్ల మీద ఆ పదకొండూ పరిచాను. తెర తయారుచేసినవాళ్ళు ఇచ్చిన అక్షరాల పట్టిక పక్కన పెట్టుకున్నాను. పది నిమిషాలు పట్టలేదు.

చెరువులోని గొట్టానికి ఒక గడియారం, గోడ మీది పెట్టెకు ఇంకో గడియారం. మధ్యలో ఉన్నది ఒకటే తీగ. ఒకే రోట్లో ఇద్దరు రోకళ్ళు వేసినట్టు, ఇద్దరికీ వేగం ముందే కుదరాలి. ఒక్కో అంకె ఎనిమిది ముక్కలుగా వస్తుంది. వినేదాని గడియారం వేడికి నెమ్మదిస్తే మొదటి ముక్కలన్నీ సరిగ్గానే దొరుకుతాయి. ఆలస్యం కొంచెం కొంచెం పేరుకుని, చివరి ముక్క దగ్గర మాత్రం దాన్ని దాటి, పక్కనుండే ముగింపు గుర్తును చదువుతుంది. ప్రతి అంకెలోనూ తప్పు అదే చోట, అదే తీరున. అంటే అవి చెత్త కాదు. 1 వస్తే తెర మీద జపాను 'అ' పడుతుంది. 2 వస్తే 'ఇ'. 3 'ఉ', 4 'ఎ', 5 'ఒ'. 6 'క', 7 'కి', 8 'కు', 9 'కె'. అత్తయ్య దించుకున్న ప్రతి అక్షరానికీ వెనక ఒక అంకె ఉంది. ఒక్క గీత కూడా ఆవిడ తప్పు వెయ్యలేదు.

ఆ తర్వాత లెక్క కట్టాను. వేడి వల్ల వచ్చే తేడా నూటికి రెండున్నర. దానికి పెట్టె తప్పకూడదు, ఆరు దాకా వస్తే గాని తప్పదు. మిగతా మూడున్నర ఎక్కడిది? నాదే. నేను ఎంచుకున్న వేగం ఆ చిప్ గడియారానికి సరిగ్గా భాగం పోదు. మొదటి రోజునే నాకు తెలుసు. మూడున్నరేగా, ఏమవుతుందిలే అనుకున్నాను. తీగను తిట్టాను, మోటారును తిట్టాను, సముద్రపు పోటును తిట్టాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే ఉంది నా సంబడం. కొంచెం నెమ్మదైన వేగం పెట్టి ఉంటే ఆవిడ కాగితాలు కాల్చుకున్నా పెట్టె చలించేది కాదు, వేసవి మొదట్లోనే మంచం ఇంటికొచ్చేది.

జెన్-హోంగ్ మేత వేసి వచ్చి అంతా విన్నాడు. చాలాసేపు ఆ కాగితాలు చూశాడు.

"చెప్పకు," అన్నాడు. "పెట్టె బాగు చేసెయ్. కాగితాలు అమ్మకిచ్చెయ్."

"బాగు చేస్తే అక్షరాలు ఆగిపోతాయి. అప్పుడేమనుకుంటారు? తనేదో తప్పు చేసింది, అందుకే ఆయన మాట్లాడ్డం లేదనుకోరా? ముందు మీట నొక్కినందుకే ఆవిడ నాలుగేళ్ళుగా నలుగుతోంది."

"చెబితే?"

"చెబితే ఏమవుతుందో నాకూ తెలియదు."

అతను వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. "నేనూ వస్తాను," అన్నాడు.

షెడ్డు ముందు నీడలో ముగ్గురం కూర్చున్నాం. నేను ఏదీ దాచలేదు. పట్టిక చూపించాను. వేడి అని చెప్పాను, మంట అని చెప్పాను. తప్పులో సగం కంటే ఎక్కువే నాదని కూడా చెప్పాను. అత్తయ్య పట్టిక వంక చూడలేదు, నా నోటి వంకే చూసింది.

"అయితే ఇవి అంకెలు."

"అవునత్తయ్యా."

"మధ్యలోది?"

అన్నిటికంటే ఆ ప్రశ్నకే నేను భయపడ్డాను. "అది చుక్క," అన్నాను. "అంకెకీ అంకెకీ మధ్య పెట్టే చుక్క."

ఆవిడ ముఖం ఒక్క క్షణం ఖాళీగా అయిపోయింది. తర్వాత ముక్కులోంచి నవ్వు వచ్చింది, నవ్వు మీద దగ్గు వచ్చింది. కొడుకు వీపు నిమరబోతే చెయ్యి తోసేసింది. "నలభై ఏళ్ళ కాపురంలో నేనెప్పుడూ చుక్కనేలే," అంది. కళ్ళు తుడుచుకుని డబ్బాలోంచి మొదటి కాగితం తీసి నా చేతికిచ్చింది. "చదువు."

"ఏడు చుక్క ఎనిమిది."

"అంటే?"

"నీళ్ళలో ఆక్సిజన్ ఏడు చుక్క ఎనిమిది. చెరువు బాగుంది."

రెండోది ఇచ్చింది.

"ఎనిమిది చుక్క ఒకటి. బాగుంది."

మూడోది. "ఏడు చుక్క రెండు. బాగుంది." నాలుగోది కూడా అంతే. అయిదోది చూసి ఆగాను. "నాలుగు చుక్క తొమ్మిది. కొంచెం తక్కువ."

"ఆ రోజు మబ్బు," అంది అత్తయ్య వెంటనే. "మేత కూడా సరిగ్గా ముట్టలేదు." ఆరోది అందించింది.

పదకొండూ అయ్యాయి. గట్టు అవతల కున్ బాబాయి రేడియో ఏదో మోగుతోంది. ఆవిడ కాగితాలు తేదీల వరసన పేర్చుకుంది.

"మొత్తం మీద చెప్పిందేమిటి? చెరువు బాగుంది, చెరువు బాగుంది, ఇవాళ కొంచెం తక్కువ, చెరువు బాగుంది. అంతేనా?"

"అంతే."

"ఇంకేమీ లేదు?"

"లేదత్తయ్యా."

"నలభై ఏళ్ళు ఇంటికొచ్చి ఆయన నాతో అన్నది కూడా అదొక్కటేగా," అంది అత్తయ్య. "కంచం ముందు కూర్చుంటాడు. చెరువెలా ఉంది అంటాను. బాగుంది అంటాడు. కుర్చీలోంచి లేచేదాకా ఇక రెండో మాట ఉండదు. ఆ రోజు పడిపోయి మాత్రం కొత్తగా ఏమంటాడు? ఏరేటర్లు తిరిగాయా అని ఉంటాడు."

జెన్-హోంగ్ నేల చూస్తున్నాడు. నేను ఏదో ఒకటి అనాలని, "ఇదంతా ఉత్త వేడి వల్లేనని అనుకోవద్దు..." అని మొదలుపెట్టాను. ఏం చెప్పబోయానో నాకే తెలియదు.

ఆవిడ నన్ను ఆపేసింది. "వేడి అన్నావు, సరే. వేడి పెట్టిందెవరు? నేను. ఎవరి కోసం పెట్టాను? ఆయన కోసం. మరి మధ్యలో ఆయన పేరెందుకు కొట్టేస్తావు? నీ లెక్కలో నువ్వు వేడి అని రాసుకో. నా లెక్క నాకుంది." లేచి చీపురు అందుకుంది. "ఇక బాగు చెయ్. వీడి నాన్న చెప్పేది నేనూ చదువుకునేలా చెయ్. అంకెలైతే నాకొచ్చు."

"పీపా జరపనా?" అన్నాడు జెన్-హోంగ్.

"నోరుముయ్. ఆయనకు మోకాలి నొప్పి. ఇంకో చోటికి నడవలేడు."

పీపా ఉన్నచోటే ఉంది. నేను వేగం తగ్గించి, సరిగ్గా భాగం పోయేట్టు రాసి, పెట్టెను మళ్ళీ అదే మేకుకి తగిలించాను. పరీక్షకని పాత పేపర్లు మండించబోతే అత్తయ్య ఒప్పుకోలేదు. ఊరికే తగలెయ్యడమెందుకు, ఆయనకే అందనీ అని వెండి కాగితాల కట్ట తెచ్చి తనే వేసింది. మంట నడుమెత్తు లేచింది. పెట్టె అడుగున చెయ్యి పెడితే కాలింది. తెర మీద 7.5 కదల్లేదు. నేను అనుకున్నట్టే జరిగింది. అయినా ఆ మంట తగ్గేదాకా నేను తెర వైపు చూస్తూనే ఉన్నాను, ఒక్క 'కి' పడితే బాగుండునని. బోర్డులు పరీక్షించే నా బతుకులో నేను తప్పు కోసం ఎదురుచూసింది ఆ ఒక్కరోజే.

లెక్క ఎనిమిదో నెల మొదటి రోజు అమావాస్యతో మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. ఆవిడ ఒక్క రోజు కూడా తగ్గించలేదు. రెండో రోజు కాగితాలు కాల్చింది, పున్నమికి కాల్చింది, పున్నమి మర్నాడు కాల్చింది. ప్రతిసారీ స్టూలు వేసుకుని తెర చదివేది, క్యాలెండరు కాగితం వెనక అంకె రాసి డబ్బాలో వేసుకునేది. మూడో చెరువులో చేపల పట్టుబడి అయింది. గాలి ఉత్తరానికి తిరిగింది. నా ఫోను ఒక్కసారి కూడా మోగలేదు.

నెల నిండిన రోజు సాయంత్రం అత్తయ్య షెడ్డు ఊడ్చి, గొడుగూ దుప్పటీ సర్ది, కొడుకును కేకేసి తాడు తెమ్మంది. మడతమంచం స్కూటరు పక్కన కట్టుకుని బయల్దేరాను. బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆవిడ నా వెనక కూర్చుంది. దారిలో కున్ బాబాయి ఎదురొచ్చి, "ఏం వదినా, బదిలీయా?" అన్నాడు. "పదోన్నతి," అంది అత్తయ్య.

చీకటి పడే వేళకు జెన్-హోంగ్ చెరువు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. అత్తయ్య అన్నం వడ్డిస్తోంది. అన్నం గిన్నె వంకే చూస్తూ, ఎవరినీ కాదన్నట్టు అడిగింది.

"చెరువెలా ఉంది?"

"బాగుంది," అన్నాడు.

ఆవిడ చేతిలో గరిటె ఒక్క క్షణం గాలిలో ఆగింది. తర్వాత అతని గిన్నెలో ఇంకో గరిటెడు అన్నం ఎక్కువ వేసింది.